చక్రము క్రింది రాయి

నూజివీటి మామిడితోటల నడుమ వేసవిలో పయనించినవారికి, ఆ సీమ కృష్ణా డెల్టావలె అరచేతివంటి సమతలము కాదని మొదటి రెండు మైళ్లలోనే బోధపడును. పడమట కొండపల్లి, మైలవరము కొండలనుండి తూర్పుగా వ్యాపించిన మెట్టనేల, ఒకచోట ఎఱ్ఱని దిబ్బయై లేచి, ఒకచోట వాగుపల్లమై దిగి, ఆగిరిపల్లివద్ద శోభనాచలమై నిలిచి, మరల తోటలలోనికి ఒదిగిపోవును. నీటిని నిలువనీయని ఈ వాలునేల మామిడివేరునకు హితమైనది. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు మొదలగు జాతులు ఇచ్చట తరతరములుగా కాపు కాయుటకు ఆ వాలు కూడ ఒక కారణము. చెట్టునకు మేలుచేసిన ఆ వాలే పండును మోసికొనిపోవు బండికి పరీక్షయైనది. బండిని నడుపు విద్యను గూర్చి మనవారు ఎంతయో చెప్పికొనిరి గాని, నడచుచున్న బండిని ఏటవాలున నిలిపి, నిలిపిన బండిని అచ్చటనే కదలకుండ ఉంచు విద్యను గూర్చి వ్రాసినవారు అరుదు. ఆ విద్యకును ఒక చరిత్ర కలదు. అది నేటి కారులోని హ్యాండ్ బ్రేకు పిడితో ఆరంభమైనది కాదు.

అప్పారావు జమీందార్ల ఏలుబడి సాగిన కాలమున, ఈ తోటలలో కోసిన కాయ వరిగడ్డి పరచిన గంపలలో సర్దబడి, రెండెడ్ల బండిమీద కదలెడిది. 1890ల దశకములో బెజవాడనుండి తూర్పుతీరమువెంట రైలుమార్గము పడినపుడు నూజివీడు అను పేరుతోనే స్టేషను ఏర్పడినను, అది ఊరిలోనికి రాక, పల్లమున పోవు ప్రధానమార్గముమీదనే ఊరికి దూరముగా నిలిచిపోయినది; కావున రైలు వచ్చిన తరువాతను స్టేషనువఱకు బండ్ల ప్రయాణము తప్పలేదు. మెరకనుండి పల్లమునకు, నిండు బరువుతో, రాత్రి చల్లదనమున సాగు ఆ ప్రయాణమే బండివాని నేర్పునకు గీటురాయి.

ఇరుసు, కుండ, ఆకులు, ఇనుపపట్టా, చక్రము ఊడిపోకుండ ఇరుసుకొనను పట్టియుంచు కడచీల, ఇన్ని అంగములున్న ఆ బండికి ఆపుటకు ప్రత్యేకమైన అంగమొకటియు లేదు. ఎడ్లే దాని బ్రేకులు. పల్లమునకు దిగునపుడు బరువు ముందునకు తోసికొనివచ్చి కాడి మెడమీదనుండి కొమ్ములవైపు జరుగగా, ఎడ్లు వెనుకకాళ్లపై ఆనుకొని, గిట్టలు నేలలో గ్రుచ్చుకొనునట్లు నిలద్రొక్కుకొని, బండిని వెనుకకు పట్టియుంచవలెను. బండివాడు పగ్గము బిగించి, తాను క్రిందికి దిగి, వాని ముందట నడువవలెను. ఎక్కుడులో ఎడ్లు అలసి ఆగినచో చేయవలసినది ఒక్కటే. కూడ వచ్చిన పిల్లవాడు దారిప్రక్క రాయి నొకదానిని ఎత్తి చక్రము వెనుక పెట్టును. ఎడ్లు ఊపిరి పీల్చుకొనును. మరల 'హై' యని అదిలింపగానే పిల్లవాడు ఆ రాయిని చేతబట్టుకొని వెంట నడచును. ఎడ్లను విప్పి బండిని వాలులో వదలవలసివచ్చినపుడు మాత్రము రెండు చక్రములకును రాళ్లు, నొగక్రింద ఊతకర్ర, ఇవన్నియు అమర్చినగాని బండివాడు చుట్ట ముట్టించెడివాడు కాడు. రాళ్లలోను భేదము కలదు: గుండ్రని రాయి చక్రముతోపాటు తానును దొర్లును గనుక, ఒకవైపు పలుచగా, రెండవవైపు దళసరిగా ఉన్న రాతిని వెదకి, పలుచని అంచును చక్రముక్రిందికి త్రోయుదురు. బరువు పడినకొలది ఆ రాయి నేలలోనికే దిగబడి మరింత బిగిసికొనును.

ఈ పనియొక్క ఘనత చూడవలెనన్నచో దేవాలయముల రథోత్సవమునకు పోవలెను. వందలకొలది జనులు మోకులు పట్టి లాగు రథమునకు వేగమిచ్చువారు వేరు, దానిని ఆపువారు వేరు. చక్రములప్రక్కనే వంగి నడచుచు, పొడవైన పిడి తగిలించిన కొయ్య అడ్డుమొద్దులను సరియైన క్షణమున చక్రముక్రింద వేసి, రథమును ఆపుటయే గాక, ఇటు అటు ఒరసి దిశను కూడ మార్చు ఆ నలుగురైదుగురి చేతులలోనే వీథిలోని జనులందఱి క్షేమము ఉండును. వారి తట్టు ఎవ్వరును చూడరు. అందఱి కన్నులు పైనున్న స్వామిమీదనే. నేను మాత్రము బాల్యమునుండి ఆ మొద్దులు వేయువారినే చూచుచు నిలుచుండెడివాడను. వారిలో ఒక్కడును చక్రమునకు ఎదురుగా నిలిచి మొద్దు వేయడు, ఎల్లప్పుడును ప్రక్కనుండియే వేయును. ఆ ఒక్క సంగతిని నేటి కారు యజమానులు గుర్తెఱిగినచో, జారుచున్న కారు వెనుకకు పరుగెత్తి చేతులతో ఆపబోయి నలిగిపోవుట తప్పును.

ఇక మోటారు. 1886లో జర్మనీదేశమున కార్ల్ బెంజి పేటెంటు పొందిన మూడుచక్రముల కారునకు చేతిపిడితో పనిచేయు బ్రేకు ఉండెను. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా బెంజి, ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని, మన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు సుమారు 100 కిలోమీటర్లు ఆ జాతి కారును నడుపుకొనిపోయినపుడు, ఎక్కుడులలో కుమారులు దిగి త్రోయవలసివచ్చినది. దిగుడులలో బ్రేకు కొయ్యమొద్దులు అరిగిపోగా, ఆమె దారిలో ఒక చెప్పులుకుట్టువానిచేత వానికి తోలు కొట్టించినది. బ్రేకు లైనింగు అని నేడు మెకానిక్కు షెడ్డులలో వినవచ్చు వస్తువునకు పుట్టుక అదియే. కొండదారిలో బండిని అదుపులో ఉంచవలెనన్న ఒక గృహిణి ఆత్రుత, ఒక చర్మకారుని సూదీ దారమూ, ఈ రెండింటి కలయికను నేను మహత్తరమైన సంఘటనగా భావింతును.

1902లో ఫ్రాన్సుదేశపు లూయీ రెనో డ్రమ్ము బ్రేకును రూపొందించెను. ఆ తొలినాళ్లలో చేతిపిడియే ముఖ్యమైన బ్రేకు. వెనుకచక్రములను పట్టునది పెక్కు కార్లలో అదియే. 1921లో అమెరికాయందు డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకును హైడ్రాలికు బ్రేకులతో వెలువడిన తరువాత, క్రమముగా కాలిబ్రేకు రాజ్యమునకు వచ్చి, చేతిబ్రేకు నిలిపిన బండికి కావలిగా మాత్రము మిగిలిపోయినది. పని తగ్గినకొలది దానిమీది శ్రద్ధయు తగ్గినది. దాని కష్టములన్నింటికి మూలము ఇచ్చటనే ఉన్నదని నా అభిప్రాయము. దినమునకు నూరుమార్లు త్రొక్కు బ్రేకులోని దోషము ఆనాడే తెలియును; చేతిబ్రేకు దోషము వాలులో నిలిపిననాడు గాని తెలియదు.

దాని నిర్మాణము సరళమైనది. పిడిని లాగినపుడు ఇనుపతీగల కేబులు బిగిసి, వెనుకచక్రముల డ్రమ్ములలోని షూలను విప్పార్చి డ్రమ్ముగోడకు అదుమును. పిడిక్రింద పండ్లవరుసలో చిన్న నాలుక చిక్కుకొని 'టకటక' యను చప్పుడుతో ఆ బిగువును నిలుపును. కేబులు ఏండ్లతరబడి సాగును, లైనింగు అరుగును, ఇరుసునుండి ఆయిలు కారి షూలు జిడ్డుపడును, నాలుక పండ్లు అరిగి జారును. కేబులు సాగినను, లైనింగు అరిగినను పిడి మునుపటికంటె పైకి లేచును, టకటకలు పెరుగును. ఆ చప్పుడును లెక్కించు అలవాటున్నవానికి కేబులే ముందుగా కబురు చెప్పును. నూజివీటి ప్రాంతమున వేసవిలో ఎఱ్ఱదుమ్ము, కాపు ముగిసినపిదప తొలకరి తడి. చేతిబ్రేకు వేసి వానలో వారములతరబడి వదలిన కారులో షూలు తుప్పుపట్టి డ్రమ్ములకు అతుక్కొనుట కూడ సామాన్యమే. అట్టి కారును సమతలమున గేరులో ఉంచి, చక్రములకు ఇరువైపుల ఇటుకలు పెట్టి, చేతిబ్రేకు వదలి పెట్టుట మేలు. వెనుకచక్రములకు డిస్కులున్న కార్లలో మఱొక చిక్కు కలదు: ఘాటు దిగి వేడెక్కిన డిస్కు, బండి నిలిపినపిదప చల్లారి సన్నబడి, పట్టు సడలి, యజమాని టీకొట్టువద్ద ఉండగనే కారు తనంతట కదలిన సందర్భములు కలవు.

ఎంత బలమును ఆ చేతిబ్రేకు భరింపవలెనో ఒకమారు లెక్కింపుడు. 10 గజముల దారికి 1 గజము లేచు వాలులో, 1000 కిలోల కారును క్రిందికి లాగు బలము సుమారు 100 కిలోల బరువునకు సమానము. ఒక బియ్యపుబస్తా నిండుగా వ్రేలాడదీసినట్లు, రాత్రి పగలు విరామము లేక.

1957నుండి మన దారులను ఏలిన అంబాసిడరు కాలమున ఈ సంగతి డ్రైవర్లకు కంఠస్థము. చేతిబ్రేకు పట్టదనియే నిశ్చయించుకొని వారు కారును నిలిపెడివారు. ఎక్కుడు తట్టు మొగమున్నచో మొదటి గేరు, దిగుడు తట్టు మొగమున్నచో రివర్సు గేరు వేసి, ఇంజను బిగువునే రెండవ కావలిగా ఉంచుదురు, ఆపై రాయి. క్రమము కూడ ముఖ్యమే: కాలిబ్రేకు నొక్కియుంచి చేతిబ్రేకు బిగించి, గేరు న్యూట్రలులో ఉండగా కాలిని మెల్లగా సడలించి, బరువు చేతిబ్రేకుమీద వాలి నిలుచుచున్నదా యని చూచి, నిలిచినపిదపనే మరల కాలిబ్రేకు నొక్కి గేరు వేయవలెను. ముందే గేరు వేసినచో చేతిబ్రేకు దోషము గేరు మాటున దాగిపోవును. స్టీరింగు త్రిప్పుట మూడవది. ఎడమప్రక్క నిలుపు మన దారులలో, కాలిబాట అంచు ఉన్నచో ఎక్కుడులో ముందుచక్రములను కుడికి, దిగుడులో ఎడమకు త్రిప్పవలెను. అపుడు కారు జారినను చక్రము అంచును తాకి ఆగును. అంచు లేని మట్టిదారిలో ఎటైనను ఎడమకే, దారి నడుమకు పోకుండునట్లు. లోయ తట్టు మాత్రము బండి నిలుపకుండుటయే ఉత్తమము. కొండ తట్టు నిలిపినచో జారిన కారును కొండయే ఆపును.

1944లో తిరుమలకు మొదటి ఘాటురోడ్డు తెఱవబడినపుడు, 1974లో రెండవది వచ్చినపుడు, తెలుగు డ్రైవర్లకు ఈ విద్య అత్యవసరమైనది. నూజివీటి మామిడిలారీలును ఆ విద్యను తమతో తీసికొనిపోయినవి. లారీ ఆగీ ఆగకముందే తలుపు తెఱచుకొని దూకి, అడ్డుచెక్కను వెనుకచక్రముక్రింద వేయు క్లీనరు, ఆనాటి బండివెంట రాయి మోసిన పిల్లవాని వారసుడే. పేరులోనే క్లీనరు గాని, ఎక్కుడు దారిలో అతడే లారీకి ప్రాణరక్షకుడు.

చట్టము సైతము ఈ విషయమున బండివాని మాటనే పలికినది. 1988 మోటారు వాహన చట్టము 126వ సెక్షను, డ్రైవరు సీటులో లేనపుడు ఇంజను ఆపి, బ్రేకు వేయవలెననియో, లేక డ్రైవరు లేనివేళ వాహనము ప్రమాదవశమున కదలకుండుటకు తగిన ఇతరోపాయము చేయవలెననియో నిర్దేశించుచున్నది. ఆ 'ఇతరోపాయము' అను మాటలో నాకు దారిప్రక్క రాయి స్పష్టముగా కనబడుచున్నది. లైసెన్సు పరీక్షకు 1989లో ఏర్పడిన నియమములలో, నిటారైన మెరకమీద ఆగి వెనుకకు జారకుండ మరల బయలుదేరుట కూడ ఒక అంశమే. సమతలమున పరీక్షకు అభ్యసించి లైసెన్సు పొందినవారు తొలిసారి కొండదారికి పోయి క్లచ్చి మాడ్చుకొనుటను తలచుకొన్నపుడు, ఆ ఒక్క అంశమును నిజమైన మెరకమీద నేర్పవలెనని గట్టిగా కోరబుద్ధియగును.

ముప్పది యేండ్లనాటి మాట. కోతల కాలమున ఒక తోటలో, దిబ్బమీది పాకవద్ద నా పాతకారు నిలిపి, చేతిబ్రేకు మాత్రము లాగి, గేరు వేయుట మఱచి దిగితిని. రెండు నిమిషములలో కారు వెనుకకు జారి, గడ్డి పరచి వరుసగా పేర్చిన రసాల గంపలను త్రొక్కుకొని, ఒక మామిడిమోడునకు తగిలి ఆగినది. మనుష్యులెవ్వరును ఆ తట్టు లేకుండుట నా పూర్వపుణ్యము. పసుపుపచ్చని రసము ఎఱ్ఱమట్టిలో ఇంకుచుండగా నేను స్తబ్ధుడనై నిలిచితిని. చిక్కము భుజాన వేసికొని వచ్చిన ముదుసలి తోటమాలి కాయలను గూర్చి ఒక్కమాటయు అనలేదు. "రాయి పెట్టలేదా బాబూ?" అని మాత్రము అడిగి, పాక మూలనుండి ఒకవైపు పలుచగా అరిగియున్న నల్లరాతిని తెచ్చి, చక్రముక్రిందికి కాలితో త్రోసెను. అది అతని తండ్రికాలమున బండికి వాడిన రాయి యని తరువాత తెలిసినది.

సాయంకాలము నేను బయలుదేరునపుడు అతడు చక్రముప్రక్కకు వచ్చి నిలిచెను. కారు ఒక జానెడు ముందుకు జరుగగానే వంగి ఆ రాయిని తీసి, దారిలో వదలక, దుమ్ము దులిపి, మరల పాక మూలకే మోసికొనిపోయెను. చీకటిలో వెనుక వచ్చు బండిచక్రమునకు అది తగులరాదట.