ఉత్తరాంధ్ర క్రైస్తవ సెమినరీ సామర్లకోటలో ఎందుకు వెలిసింది?

మచిలీపట్నం అంటే నోబుల్ కాలేజీ, గుంటూరు అంటే ఏసీ కాలేజీ. విజయనగరం, శ్రీకాకుళాలకు అలాంటి క్రైస్తవ కళాశాల ఏదీ అంటే చప్పున ఒక పేరు తోచదు. మిషనరీలు అటు రాకపోలేదు. తెలుగునేల మీద ప్రొటెస్టెంటు మిషన్ మొట్టమొదట స్థిరపడిందే ఉత్తర తీరంలో. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. బడి పెట్టారు. ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడి సాయంతో సువార్తలను తెలుగు చేయడానికి కూర్చున్నారు. 1809లో క్రాన్, మరుసటి ఏడు డెగ్రాంజెస్ కన్నుమూశారు. వాళ్లు తెలుగు చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తర్వాత వచ్చినవాళ్లు చికాకోలుకూ (నేటి శ్రీకాకుళం) విజయనగరానికీ పని విస్తరించారు. బడులు నడిచాయి, కాలేజీ మాత్రం రాలేదు.

కారణం వెతకాలంటే మిషన్ బంగళా వదిలి విజయనగరం కోట వైపు చూడాలి. మద్రాసు విశ్వవిద్యాలయం పుట్టిన 1857లోనే విజయరామ గజపతి అక్కడ ఇంగ్లీషు పాఠశాల పెట్టారు. 1879లో అది కళాశాల అయింది. గిడుగు రామమూర్తి ఆ పాఠశాలలో చదివారు. గురజాడ అప్పారావు అక్కడే చదివి, అక్కడే పాఠాలు చెప్పారు. ఇంకాస్త ఉత్తరాన పర్లాకిమిడి రాజులూ తమ ఊళ్లో కాలేజీ పెట్టుకున్నారు. ఇంగ్లీషు చదువు కోసం మిషన్ గడప తొక్కాల్సిన అవసరం అగ్రవర్ణాల పిల్లలకు లేకపోయింది. ఇది చిన్న విషయం కాదు. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ 1843లో తెరిచిన బడిలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకునేసరికి తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు, తరగతులు ఖాళీ అయ్యాయి. అయినా ఆ ఊళ్లో అంత ఇంగ్లీషు మరెక్కడా దొరకదు గనక పిల్లలు మళ్లీ వచ్చారు. విజయనగరంలో మిషనరీ కాలేజీ పెట్టి ఉంటే, వెళ్లిపోయిన పిల్లలు తిరిగొచ్చేవారని నేననుకోను. వీధి చివర రాజావారి కాలేజీ ఉంది మరి.

ఈ పరిస్థితుల్లో వచ్చినవాళ్లు కెనడా బాప్టిస్టులు. వాళ్ల వెనుక కథ కాలేజీలదే. నోవాస్కోషియాలోని హాలిఫాక్స్‌లో డల్హౌసీ కాలేజీ 1838లో ఎడ్మండ్ క్రాలీ అనే పండితుడికి ఆచార్య పదవి నిరాకరించింది. ఆయన చేసిన తప్పల్లా బాప్టిస్టు కావడం. ఆ అవమానానికి జవాబుగా ఉల్ఫ్‌విల్ అనే చిన్న ఊళ్లో అదే ఏడు ఒక కళాశాల లేచింది. దాన్నే తర్వాత అకాడియా అన్నారు. ఒంటారియోలోని వుడ్‌స్టాక్‌లో 1860లో తెరిచిన కెనడియన్ లిటరరీ ఇన్‌స్టిట్యూట్ కూడా అలాంటి పేద సంస్థే. తెరిచిన కొన్ని నెలలకే కాలిపోతే చందాలు వేసుకుని మళ్లీ కట్టుకున్నారు. తెలుగుదేశానికి వచ్చిన తొలి కెనడా బాప్టిస్టులు అమెరికస్ టింపనీ, జాన్ మెక్‌లారిన్ ఈ వుడ్‌స్టాక్ విద్యార్థులు, పైగా తోడల్లుళ్లు. అమెరికస్ అన్నది టింపనీగారి పేరే, దేశం కాదు.

వీళ్లు మొదట పనిచేసింది నెల్లూరు వైపు, అమెరికా బాప్టిస్టుల దగ్గర. కాకినాడకు రప్పించింది ఒక తెలుగువాడు. తంతి శాఖలో ఉద్యోగం వదులుకుని సొంతంగా సువార్త పని మొదలుపెట్టిన థామస్ గాబ్రియేల్ అప్పుల్లో కూరుకుపోయి మెక్‌లారిన్‌ను ఆశ్రయించాడు. 1874 మార్చిలో మెక్‌లారిన్ కాకినాడ చేరాడు. ఏడాది తిరక్కముందే గాబ్రియేల్ చనిపోయాడు. కెనడియన్ మిషన్ అని పేరుపడ్డ సంస్థకు పునాది వేసింది కాకినాడ తంతి ఉద్యోగి అన్న సంగతి ఇంకా గట్టిగా చెప్పుకోవాలి.

అటు కెనడాలో నోవాస్కోషియా వంటి సముద్రతీర రాష్ట్రాల బాప్టిస్టులది వేరే బోర్డు. వాళ్ల బృందం 1873లో హాలిఫాక్స్‌లో ఓడ ఎక్కింది సయాంలోని కరెన్ తెగల కోసం. అక్కడ వెతికితే కరెన్లు అనుకున్నంత మంది కనిపించలేదు. దాంతో 1875లో మనసు మార్చుకుని తెలుగు తీరానికి వచ్చారు. కాకినాడ ప్రాంతం అప్పటికే మెక్‌లారిన్ చేతిలో ఉంది కాబట్టి ఉత్తరానికి జరిగి భీమిలి, బొబ్బిలి, చికాకోలు పట్టుకున్నారు. బొబ్బిలిలో జార్జ్ చర్చిల్, భీమిలిలో రూఫస్ శాన్‌ఫర్డ్ స్థిరపడ్డారు.

గోదావరి వైపు మాల, మాదిగ పల్లెల్లో సంఘాలు ఒకటొకటిగా లేస్తున్నాయి. పాస్టర్లు కావాలి. 1882లో మెక్‌లారిన్ సామర్లకోటలో సెమినరీ తెరిచాడు. చోటు ఎంపికలో లౌక్యం ఉంది. ఒకప్పుడు పటాలం ఉన్న ఊరు, కాలువ మీద పడవెక్కితే ఇటు కాకినాడ, అటు డెల్టా. ఇంగ్లీషు డిగ్రీ ఊసు లేదు. పల్లెకు తిరిగి వెళ్లి అక్కడే ఉండగలిగే ఉపదేశకుడు కావాలి, అంతే. నోబుల్ తన బడిలో అంటరాని కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. సామర్లకోటకు ఆ పిల్లలే దిక్కు. నా లెక్కలో మన క్రైస్తవ విద్యలో ఇంతకంటే పెద్ద తేడా లేదు. ఒకటి ఉద్యోగస్థుల్ని తయారుచేసింది, రెండోది చదువే అందని వాడలకు చదివినవాణ్ని పంపింది.

ఉత్తరాదివాళ్లకు మాత్రం అది దూరం. చికాకోలు, పాలకొండ, టెక్కలి నుంచి సామర్లకోట రావాలంటే, 1890ల మధ్యలో బెజవాడ–కటక్ రైలు దారి పూర్తయ్యేదాకా బండి కట్టాలి, లేదా కళింగపట్నంలోనో భీమిలిలోనో స్టీమరెక్కి కాకినాడలో దిగాలి. బోర్డు వేరు, డబ్బు వేరు. పైగా ఉత్తరాన మతం మారినవాళ్లు తక్కువ. గోదావరి పల్లెల్లోలా గుంపులుగా రాలేదు. ఆ కొద్దిమంది కోసం రెండో సెమినరీ కట్టే స్తోమత కెనడాలోని చిన్న రాష్ట్రాల సంఘాలకు లేదు. 1911–12 ప్రాంతంలో రెండు బోర్డులూ ఒకటయ్యాక ఆ పేచీ తీరింది. తర్వాతి కాలంలో సెమినరీ కాకినాడకు మారి బాప్టిస్టు థియలాజికల్ సెమినరీగా స్థిరపడింది.

కళాశాల లేని కొరత పాటల్లో కనిపించదు. తెలుగు క్రైస్తవ కీర్తనకు పెద్దదిక్కైన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతంవాడు. 1833లో కటకంలో బాప్తిస్మం పొందాడు. సామర్లకోట సెమినరీ తెరిచేనాటికి ఆయనకు ఎనభై ఏళ్లు దగ్గరపడ్డాయి. ఆయన విద్య పూర్తిగా పాత పద్ధతిదే.

1964లో లూథరన్, బాప్టిస్టు తదితర సంఘాలు కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఏర్పరిచాయి. 1970లలో అది హైదరాబాదుకు తరలింది. పాలకొండ పిల్లవాడికి పై చదువు మరికొంత దూరం జరిగింది. అప్పటికి చికాకోలు శ్రీకాకుళమై, 1950 నుంచి జిల్లా కేంద్రమై ఉంది. డిగ్రీ చదువు ప్రభుత్వం చేతిలోకి వెళ్లిపోయింది. ఇక్కడ క్రైస్తవ డిగ్రీ కళాశాల పెట్టాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చి ఉన్నా, దానికి పెద్దగా పని మిగల్లేదు.