లారీ ప్రమాద పరిహారం (పెద్దపల్లి జిల్లా)

పెద్దపల్లి, రామగుండం మీదుగా సాగే రాజీవ్ రహదారిపై బొగ్గు, బూడిద లారీల రాకపోకలు ఎక్కువ. లారీ ఢీకొని మరణించినవారి కుటుంబం, గాయపడినవారు 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. ప్రమాదం జరిగిన చోటే కాదు, తాము నివసించే చోటా కేసు వేయవచ్చు. వలస కూలీల కుటుంబాలకు ఇది పెద్ద ఊరట.

మృతుడి వార్షికాదాయంలో సొంత ఖర్చు తీసేసి, వయసును బట్టి గుణకంతో హెచ్చవేస్తారు. 2009 నాటి సుప్రీంకోర్టు సరళా వర్మ తీర్పు ప్రకారం 31–35 ఏళ్లవారికి అది 16. 2017లో ప్రణయ్ సేథీ తీర్పు భవిష్యత్తులో పెరిగే ఆదాయాన్నీ లెక్కలోకి తెచ్చింది: 40 ఏళ్లలోపు పర్మనెంటు ఉద్యోగికి 50 శాతం, సొంత పనివారికి 40 శాతం. జీతం చీటీ లేని కాంట్రాక్టు కార్మికుడి సంపాదన రుజువు చేయడమే కష్టం. అన్యాయం జరిగేది ఎక్కువగా ఇక్కడే.

డ్రైవరు తప్పు రుజువు కాకున్నా 164వ సెక్షన్ మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి 2.5 లక్షల రూపాయలు ఇప్పిస్తుంది. ఢీకొన్న లారీ ఏదో తెలియకపోతే వేరే పథకం కింద వరుసగా 2 లక్షలు, 50 వేలు. ఓపెన్‌కాస్టు గని ఆవరణలో ప్రమాదమైతే అది బహిరంగ స్థలం కాదని బీమా సంస్థ వాదించవచ్చు. విధుల్లో ఉన్న కార్మికుడికి ఉద్యోగుల పరిహారమూ (2025 నవంబరు వరకు 1923 చట్టం కింద, ఆ తర్వాత 2020 సామాజిక భద్రతా కోడ్ కింద) ఉంది, కానీ రెండింట్లో ఒకదాన్నే ఎంచుకోవాలి. మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ ట్రిబ్యునల్ దరఖాస్తుకు 6 నెలల గడువు పెట్టింది. ఎంత దుఃఖంలో ఉన్నా ఎఫ్‌ఐఆర్ నకలు ముందుగా తీసుకోండి.