గోధుమ తుప్పు: ఎండాకాలం కొండల్లో, చలికాలం మైదానంలో

ఢిల్లీలో యమునకు తూర్పు గట్టున లక్ష్మీ నగర్, షకర్‌పూర్, మండావలి అని ఇవాళ ఇళ్లు కిక్కిరిసిన నేల ఒకప్పుడు ఒండ్రు పొలం. గంగా యమునల మధ్య దేశమంతటా రబీ పంట అంటే ముందు గోధుమ. నవంబరులో విత్తి, బైసాఖీ నాటికి కోతకు దిగుతారు. ఆ పంటకు ఎలుకలు, వడగళ్లు, అకాల వర్షాలతో పాటు ఇంకో శత్రువు కూడా ఉంది. అదే తుప్పు తెగులు. జనవరి పొగమంచులో ఆకు మీద పసుపు చారలు తేలుతాయి. వేలితో రాస్తే పసుపు కొట్టిన రోలులో చెయ్యి పెట్టినట్టు పొడి అంటుకుంటుంది. తెగులు ముదిరిన చేలో నడిచి వస్తే పంచె అంచు రంగు మారిపోతుంది.

ఉత్తరాదిలో కనిపించే తుప్పు మూడు రకాలు. మూడూ పక్సీనియా అనే శిలీంధ్ర ప్రజాతికి చెందినవే అయినా దేని వాతావరణం దానిదే. పసుపు తుప్పుకు చలి కావాలి. పది పదిహేను డిగ్రీల వేడి, ఆకు మీద రాత్రంతా నిలిచే మంచు దానికి చాలు. గోధుమరంగు తుప్పు అంతకన్నా కాస్త వెచ్చదనంలో వస్తుంది. కాండాన్ని పట్టే నల్ల తుప్పు మరింత వేడిని కోరుతుంది. అందుకే పంజాబు, ఢిల్లీ వైపు పసుపు తుప్పు భయం ఎక్కువ, మధ్య భారతంలో నల్ల తుప్పు భయం ఎక్కువ. ఆకు మీది పొడిలోని శిలీంధ్ర బీజం తడి ఆకు మీద మొలకెత్తి, పత్రరంధ్రం గుండా లోపలికి చొరబడుతుంది. రెండు వారాల్లోపే ఆ చోట పొక్కు పగిలి వేల బీజాలు గాలిలో కలుస్తాయి. మొక్క వెంటనే చచ్చిపోదు. గింజలోకి చేరాల్సిన ఆహారం బూజుకు పోతుంది. కోతనాటికి కంకి నిలబడే ఉంటుంది గాని గింజ తాలుగా మిగులుతుంది.

ఈ తెగులు పాతదే. నర్మదా లోయలో అధికారిగా పనిచేసిన స్లీమన్, 1844లో అచ్చయిన తన జ్ఞాపకాల పుస్తకంలో గోధుమ తెగుళ్ల గురించి రాశాడు. జనం వాటిని దైవకోపంగా భావించేవారని కూడా నమోదు చేశాడు. 1865లో జర్మనీలో డి బారీ అనే శాస్త్రవేత్త నల్ల తుప్పు జీవితచక్రాన్ని తేల్చాడు. ఆ శిలీంధ్రం ఒక దశను గోధుమ మీద, మరో దశను బార్బెరీ పొద మీద గడుపుతుంది. యూరప్ రైతులు అంతకు రెండు శతాబ్దాల ముందు నుంచే ఆ పొదను అనుమానిస్తూ వచ్చారు. అమెరికా 1918లో బార్బెరీని వేళ్లతో పెకలించే ఉద్యమమే మొదలుపెట్టింది.

భారతదేశానికి ఈ వివరణ అతకలేదు. ఏప్రిల్ కోతల తర్వాత మైదానంలో పచ్చని గోధుమ మొక్క అన్నది ఉండదు. మే, జూన్ నెలల్లో ఎండ నలభై అయిదు డిగ్రీలకు చేరుతుంది. తుప్పు శిలీంధ్రమా, బతికున్న మొక్క మీద తప్ప బతకదు. అయినా ప్రతి చలికాలం తప్పకుండా తిరిగి వస్తోంది. నడుమ ఆరు నెలలు అది ఎక్కడ తలదాచుకుంటోందన్నది ఇక్కడి శాస్త్రవేత్తల ముందున్న ప్రశ్న. బీహారులోని పూసాలో 1905లో వ్యవసాయ పరిశోధన సంస్థ మొదలైంది. అక్కడి శిలీంధ్ర శాస్త్రవేత్త బట్లర్, హేమన్‌తో కలిసి 1906లో భారతీయ గోధుమ తుప్పుల మీద ఒక అధ్యయనం వెలువరించాడు. ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

జవాబు ఆగ్రా నుంచి వచ్చింది. 1892లో పుట్టిన కరమ్ చంద్ మెహతా ఆగ్రా కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాడు. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకుని వచ్చి, 1920 దశకంలో ఈ పనికి పూనుకున్నాడు. ఆయన చేసింది చూడటానికి చాలా మామూలు పని. మైదానంలో వేసవి ఎండకు తుప్పు బీజాలు ఎన్నాళ్లు బతుకుతాయో పరీక్షించాడు. బతకడం లేదని తేలింది. పంట కోసేశాక చేలలో వాటంతటవే మొలిచిన గోధుమ మొక్కలను కొండల్లో వెతికాడు. హిమాలయాల్లో ఎత్తు మీద పంట ఆలస్యంగా పండుతుంది, వేసవి చల్లగా ఉంటుంది, రాలిన గింజలు మొలకెత్తి పచ్చగా నిలుస్తాయి. ఆ ఆకుల మీద తుప్పు వేసవి పొడుగునా సజీవంగా కనిపించింది. దక్షిణాన నీలగిరి, పళని కొండల్లోనూ అదే పరిస్థితి. అక్కడ గోధుమను ఏడాదిలో ఒకటికి మించి పంటలుగా వేసేవారు. జిగురు పూసిన గాజు పలకలను వేర్వేరు చోట్ల గాలికి పెట్టి, మైదానంలో తెగులు కనబడక ముందే బీజాలు గాలిలో వస్తున్నాయని కూడా ఆయన పట్టుకున్నాడు.

బార్బెరీ సంగతి కూడా మెహతా వదలలేదు. హిమాలయాల్లో ఆ కుటుంబపు పొదలకు కొదవ లేదు. ఆయుర్వేదంలో దారుహరిద్ర అనేది వాటిలో ఒకటి. వాటి ఆకుల మీద తుప్పు మచ్చలు కూడా కనిపిస్తాయి. ఆ మచ్చలు వేరే గడ్డి జాతులను పట్టే తుప్పులవనీ, మైదానపు గోధుమకు వాటితో పని లేదనీ ఆయన తేల్చాడు. యూరప్ పాఠ్యపుస్తకంలో సరిగ్గా ఉన్న విషయం ఇక్కడి గట్టు మీద సరిపోలేదు. మెహతా పరిశోధనలు 1929 నాటి సైన్స్ కాంగ్రెస్ ప్రసంగంతో అందరి దృష్టికి వచ్చాయి. ఆ ఏడే ఏర్పడిన వ్యవసాయ పరిశోధన మండలి ఆయన పనికి ఊతమిచ్చింది. సిమ్లాలో ఫ్లవర్‌డేల్ అనే చోట తుప్పు పరిశోధన కేంద్రం వెలిసింది. అది ఇప్పటికీ నడుస్తోంది.

తెగులు ఎక్కడ దాక్కుంటోందో తెలిశాక మెహతా చెప్పిన మందు సూటిగా ఉంది. కొండల్లో వేసవి గోధుమ మానాలి, వాటంతటవే మొలిచే మొక్కలను పీకెయ్యాలి. లెక్క ప్రకారం అది సరైనదే. అయితే ఆ భారమంతా కొండ రైతు మీద పడుతుంది, లాభం మాత్రం మైదానపు రైతుకు దక్కుతుంది. తనకు ఏమీ మిగలని పని కోసం తన పంటను వదులుకోమంటే ఎవరు వింటారు? ఆ సలహా పెద్దగా అమలు కాలేదు. ఇందులో రైతుల మొండితనాన్ని తప్పుపట్టడానికి లేదు. తెగులు మాత్రం ఆగలేదు; 1946-47లో నల్ల తుప్పు మధ్య భారతంలో గోధుమను తుడిచిపెట్టింది.

ఇక మిగిలిన దారి తుప్పుకు లొంగని విత్తనం. 1934 జనవరి 15న వచ్చిన బీహారు భూకంపంలో పూసా సంస్థ భవనం దెబ్బతింది. 1936లో సంస్థను ఢిల్లీకి మార్చారు. యమునకు పడమట ఉన్న ఆ ప్రాంగణాన్ని నగరం ఇప్పటికీ పూసా అనే పిలుస్తుంది. అక్కడ బి.పి. పాల్ తుప్పును తట్టుకునే గోధుమల సంకరణం చేపట్టాడు. ఎన్‌పీ 809 అనే రకం మూడు తుప్పులకూ నిలబడింది. మెహతా 1950లో మరణించాడు.

హరిత విప్లవంతో కథ వేగం పుంజుకుంది. 1966లో మెక్సికో నుంచి 18 వేల టన్నుల గోధుమ విత్తనం దిగింది. కల్యాణ్ సోనా, సోనాలికా అనే గోధుమ రకాలు ఉత్తరాదిని కమ్మేశాయి. ఒకే రకం లక్షల ఎకరాల్లో నిలబడితే దాన్ని గెలిచే కొత్త తుప్పు జాతికి అంతకు మించిన విందు ఉండదు. 1970 దశకం మొదట్లోనే కల్యాణ్ సోనా గోధుమరంగు తుప్పుకు లొంగిపోయింది. అప్పుడు అఖిల భారత గోధుమ పరిశోధన పథకాన్ని సమన్వయం చేసినవాడు పశ్చిమ గోదావరి జిల్లా పేరుపాలెంలో పుట్టిన మంగిన వెంకటేశ్వరరావు. వరి చేల మధ్య పెరిగిన మనిషి ఉత్తరాది గోధుమకు కాపు కాశాడు. ఒక ప్రాంతంలో ఒకే రకం కాకుండా పలు రకాలు వేయించడం, తెగులు ఎక్కడ మొదలైందో కనిపెట్టేందుకు పరిశీలన మడులు వేయడం ఆ కాలపు పద్ధతులు. అదే దశకంలో ఎల్.ఎం. జోషి, ఎస్. నాగరాజన్ ఇంకో చిక్కుముడి విప్పారు. నీలగిరి, పళని కొండల నుంచి నల్ల తుప్పు బీజాలు తుఫాను గాలుల మీద మధ్య భారతానికి చేరి, వానతో పాటు పొలాల మీద దిగుతాయని వాతావరణ పటాలతో చూపించారు.

తుప్పు కాక ఈ నేలకు సొంతమైన తెగులు మరొకటి ఉంది. ఢిల్లీకి ఉత్తరాన ఉన్న కర్నాల్‌లో గోధుమ గింజల్లో నల్లటి పొడి కనిపించిందని 1931లో మిత్ర అనే శాస్త్రవేత్త వెల్లడించాడు. గింజ పూర్తిగా పోదు, గాడి వెంట కొంత భాగం నల్లబడుతుంది. చిదిమితే కుళ్లిన చేపల వాసన. కొద్దిగా కలిసినా పిండి పనికిరాదు. 1996లో ఈ ‘కర్నాల్ బంట్’ అమెరికాలోని అరిజోనాలో బయటపడితే అక్కడ క్వారంటైన్ విధించారు. గోధుమ కాటుక తెగులుకు మాత్రం ఉత్తరాది ఎండే మందుగా పనిచేసింది. విత్తనం లోపలే దాగే ఈ శిలీంధ్రాన్ని చంపడానికి లూత్రా, సత్తార్ 1934లో ఒక పద్ధతి చెప్పారు. నడి వేసవిలో పొద్దున్నే గింజలను నాలుగు గంటలు నీళ్లలో నానబెట్టి, మధ్యాహ్నపు ఎండలో పలచగా పరిచి ఎండబెట్టాలి. నానిన బూజు మేలుకుని ఎండకు చస్తుంది, గింజ బతుకుతుంది. రసాయన మందులు రాకముందు ఇంత చవకైన వైద్యం మరొకటి లేదు.

చెట్ల వైపు చూస్తే కొండ, మైదానం రెండింటికీ నష్టం ఉంది. ఆపిల్ మచ్చ తెగులు 1973లో కశ్మీర్ తోటలను ముంచెత్తింది. అది రాలిన ఆకుల్లో చలికాలం గడిపి, వసంతపు వానల్లో కొత్త చిగుళ్ల మీదికి ఎగురుతుంది. 1983లో హిమాచల్‌లో మచ్చపడిన పండ్లను ధ్వంసం చేయాల్సి వచ్చింది. మైదానంలో షీషమ్ చెట్లు నీరు నిలిచే బంకనేలల్లో ఎండిపోతాయి. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో బక్షీ దీనికి కారణమైన ఫ్యూజేరియంను వేళ్లలో పట్టుకున్నాడు. 

గోధుమ తుప్పు మాత్రం ఇప్పటికీ పోలేదు. 1990 దశకం మధ్యలో వచ్చిన పీబీడబ్ల్యూ 343 అనే గోధుమ రకాన్ని కొన్నేళ్లకే పసుపు తుప్పు కొత్త జాతి ఓడించింది. 2010-11లో పంజాబు, పరిసర రాష్ట్రాల్లో తెగులు విజృంభించింది. ఆ వెంటనే పూసా నుంచి వచ్చిన హెచ్‌డీ 2967 విస్తారంగా పాకి, తర్వాత అదీ కొత్త జాతులకు లొంగింది. ఇప్పటి సలహా ఇది: ఒకే రకంతో పొలమంతా నింపవద్దు. డిసెంబరు చివరి నుంచి, ముఖ్యంగా చెట్ల నీడ పడే గట్ల పక్కన, ఆకులు రాసి చూసుకోవాలి. చేతికి పొడి అంటితే తెగులు పాకకముందే ప్రొపికోనజోల్ మందు చల్లాలి.