సాండర్సన్ పలక, మన నల్లబల్ల

దిదెరో పేరు హేతువాదులకు కొత్త కాదు. 1749లో అంధుల గురించి ఒక లేఖ అచ్చువేసి, ఆ కారణంగా అరెస్టయి, విన్సెన్ కోటలో మూడు నెలలకు పైగా ఖైదులో ఉన్నాడు. అందులో చావుకు సిద్ధంగా ఉన్న ఒక అంధ గణితవేత్త తన దగ్గరికొచ్చిన మతగురువుతో వాదిస్తాడు. సృష్టి అందం చూసి దేవుణ్ణి నమ్మమంటే, ఆ అందం కనపడని నాకు అది రుజువెలా అవుతుందని అడుగుతాడు. ఆ సంభాషణ దిదెరో కల్పన. దాన్ని చరిత్రగా చెప్పుకోవడం సరి కాదు. కానీ ఆ గణితవేత్త మాత్రం నిజంగా ఉన్నాడు. నాస్తికులకు ఆయన మరణశయ్యే గుర్తుంది గానీ, ఆయన చదువు సంగతి ఎవరికీ పట్టలేదు. నాకు కావలసింది అదే.

నికొలస్ సాండర్సన్ 1682లో ఇంగ్లండులో పుట్టాడు. ఏడాది వయసులో మశూచి సోకి చూపు పోయింది. అప్పటికి బ్రెయిలీ లిపి లేదు. అంధుల బడులూ లేవు. పెనిస్టన్ అనే ఊళ్లో అందరు పిల్లలూ వెళ్లే బడికే వెళ్లాడు. ఇతరులు చదివి వినిపిస్తుంటే లాటిన్, గ్రీకు నేర్చాడు. 1711లో కేంబ్రిడ్జిలో లుకేసియన్ గణిత ప్రొఫెసర్ అయ్యాడు. న్యూటన్ కూర్చున్న కుర్చీ అది. న్యూటన్ తర్వాత వచ్చిన విస్టన్‌ను మతవిరుద్ధ భావాలున్నాయని 1710లో వెళ్లగొడితే ఖాళీ అయింది. 1739లో చనిపోయే దాకా సాండర్సన్ అక్కడే పాఠాలు చెప్పాడు. కాంతిశాస్త్రం కూడా చెప్పాడు... చూపున్న విద్యార్థులకు!

ఆయన దగ్గర ఒక పలక ఉండేది. దానికి వరసగా బెజ్జాలు, పెద్ద తల గుండుసూదులు, చిన్న తల గుండుసూదులు. ఏ సూది ఎక్కడ గుచ్చారన్న దాన్ని బట్టి అంకె తెలుస్తుంది. సూదుల చుట్టూ దారం చుడితే రేఖాగణితం బొమ్మ తయారు. తర్వాతి కాలంలో వచ్చిన టేలర్ ఫ్రేముదీ ఇదే దారి. ఎనిమిది మూలల బెజ్జాల్లో చిన్న లోహపు దిమ్మలు నిలబెడతారు. ఒక్కో దిమ్మను ఎనిమిది దిక్కులకు తిప్పవచ్చు, తలకిందులు చేస్తే మరో ఎనిమిది. మొత్తం 16 గుర్తులు. కూడికలూ తీసివేతలే కాదు, బీజగణితమూ చేసుకోవచ్చు. మన దేశంలోని అంధుల బడుల్లో తరాల తరబడి లెక్కలు నేర్పింది ఈ ఫ్రేము మీదే.

మన దేశంలో తొలి అంధుల బడి 1887లో అమృత్‌సర్‌లో మొదలైంది. పెట్టింది ఆనీ షార్ప్ అనే క్రైస్తవ మిషనరీ. తర్వాత అది డెహ్రాడూన్ దగ్గరి రాజ్‌పూర్‌కు మారింది. 1897లో కలకత్తాలో లాల్ బిహారీ షా ఇంకొకటి ప్రారంభించారు. మిషనరీల ఉద్దేశం ఏదైనా, ముందు అక్షరం ముట్టించింది వాళ్లేనని ఒప్పుకోవాలి. మన సంప్రదాయం అంధుడికి ఇచ్చింది పూర్వజన్మ పాపమనే వివరణ, ఒక తంబుర, గుడిమెట్ల మీద కాస్త చోటు. కర్మ అన్నాక ఇక కారణం వెతకాల్సిన పని లేదు గదా! వెతికిన వాళ్లకు మాత్రం దొరికింది. ఎందరో పసిపిల్లల చూపు పోవడానికి విటమిన్-ఎ లోపం కారణం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ అధ్యయనాల ఆధారంగానే 1970లో ఆరు నెలలకోసారి పిల్లలకు విటమిన్-ఎ మందు పోసే జాతీయ కార్యక్రమం మొదలైంది.

ఇక లిపి సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఒక్కో ప్రాంతంలో ఒక్కో బ్రెయిలీ ఉండేది. స్వాతంత్ర్యం వచ్చాక భారత ప్రభుత్వం యునెస్కోను కదిలించింది. 1951లో బీరూట్ సమావేశం తర్వాత భారతీయ భాషలన్నిటికీ భారతి బ్రెయిలీ కుదిరింది. అదే ఏడాది డెహ్రాడూన్‌లో కేంద్ర బ్రెయిలీ ముద్రణాలయం వచ్చింది. ఇందులో తెలుగు మాస్టార్లు తెలుసుకోవలసిన విషయం ఒకటుంది. బ్రెయిలీలో గుడి, కొమ్ము, వత్తు ఆకారాలు లేవు. 'కి' అంటే ముందు క, దాని పక్కన ఇ. వత్తు కింద రాదు. పొల్లు గుర్తు ముందు వేసి, హల్లులు రెండూ వరసగా రాస్తారు. "క కింద త వత్తు పెట్టరా" అని చూపులేని పిల్లవాడికి చెబితే వాడికి కింద ఏముందో అర్థం కాదు. తప్పు వాడిది కాదు.

అందరితో కలిసి చదివించాలన్న ఆలోచన కూడా పాతదే. 1944 నాటి సార్జెంట్ నివేదిక వికలాంగుల చదువు జాతీయ విద్యావ్యవస్థలో భాగం కావాలంది. 1964-66 కొఠారీ కమిషన్ వీలైనంత వరకు మామూలు బడుల్లోనే చేర్చమంది. 1974లో కేంద్రం సమీకృత విద్యా పథకం తెచ్చింది. పిల్లలు తరగతిలోకి వచ్చారు. నల్లబల్ల మాత్రం ఉన్నచోటే ఉంది.

నేను లెక్కల మాస్టారుగా పనిచేసిన ఒక హైస్కూలుకు అలాంటి కుర్రాడొకడు వచ్చాడు. మంచి గొంతు. "పాటలు నేర్పించండి సార్, లెక్కలెందుకు వాడికి?" అన్నారు తోటి మాస్టారొకరు. ఆయన చెడ్డవారేమీ కాదు, ఆ పిల్లవాడికి ఫీజు కట్టింది ఆయనే. నేను అట్టముక్క మీద బోర్డు పిన్నులు గుచ్చి రబ్బరు బాండ్లు తగిలించి త్రిభుజాలు చేసి ఇచ్చాను. సాండర్సన్ పలక గురించి అప్పటికి నాకు తెలియదు. బోర్డు దగ్గర నేను మానుకోవలసి వచ్చిన మాటలు రెండే: 'ఇది', 'దీన్ని'. "దీన్ని దీంతో గుణిస్తే ఇదొస్తుంది" అనడం మాని, రాసే ప్రతి అంకెనూ పైకి చదివాను. వెనక బెంచీల్లోని చూపున్న పిల్లలకు కూడా అప్పుడే లెక్క అర్థమయింది.

మచిలీపట్నం ప్రాంతపు శ్రీకాంత్ బొల్లా కథ చాలామందికి తెలుసు, 2024లో సినిమా కూడా వచ్చింది. ఊరి బడిలో ఆయన్ని వెనక బెంచీకి నెట్టేశారు. హైదరాబాదులో అంధుల ప్రత్యేక పాఠశాలలో చేరాకే చదువు సాగింది. కలిపి కూర్చోబెట్టినంత మాత్రాన కలిపి చదివించినట్టు కాదని దీన్నిబట్టే తెలుస్తుంది. పదో తరగతి మంచి మార్కులతో పాసైతే, చూపులేని వాళ్లకు ఇంటర్‌లో సైన్సు ఇవ్వమన్నారు. కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకుని, 98 శాతం మార్కులు సాధించి, అమెరికాలో ఎం.ఐ.టి.లో చేరాడు. ఢిల్లీలో కార్తీక్ సాహ్నీ మామూలు బడిలోనే చదువుకున్నాడు. అతను కూడా సైన్సు కోసం సి.బి.ఎస్.ఇ.తో పోరాడాల్సి వచ్చింది. 2013లో పన్నెండో తరగతి పూర్తి చేసి స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లాడు.

నేను అడిగేది ఒకటే. అంధుడు సైన్సు చదవలేడన్న నియమం పెట్టిన వాళ్లు ఏ పరీక్ష చేసి ఆ నిర్ణయానికొచ్చారు? 1711 నుంచీ ఎదురుగా ఉదాహరణ ఉంది. బాబా గాల్లోంచి విభూతి తీశాడంటే రుజువు చూపమని అడుగుతాం. ఈ నియమాన్నీ అలాగే అడగాలి గదా. ఇక్కడ రుజువు చూపాల్సిన భారం పదహారేళ్ల పిల్లల మీద పడింది, అదీ వకీలు ఫీజుతో సహా.

ఇదే దేశంలో 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' పేరుతో పిల్లల కళ్లకు గంతలు కట్టి చదివిస్తామన్న కోచింగులకు తల్లిదండ్రులు వేలు పోశారు. ముక్కు పక్క సందులోంచి చూసి చదువుతున్నారని నరేంద్ర నాయక్ బట్టబయలు చేశారు. కళ్లతో పని లేకుండా చదివించగలిగితే ఆ కంపెనీలు మొట్టమొదట అంధుల బడులకే పోవాలి. చూపున్న పిల్లవాడు గంతలతో చదువుతాడని నమ్మిన జనం, చూపులేని పిల్లవాడు వేళ్లతో లెక్క చేస్తాడంటే మాత్రం నమ్మరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం బ్రెయిలీ వచ్చిన ఉపాధ్యాయులను తయారుచేసి, నియమించమంది. చూపులేని వాళ్లను జడ్జి ఉద్యోగాలకు అనర్హులన్న మధ్యప్రదేశ్ నియమాన్ని సుప్రీంకోర్టు 2025 మార్చి 3న కొట్టేసింది. ఎన్.వి.డి.ఎ. లాంటి స్క్రీన్ రీడర్లు ఉచితం, తెలుగు కూడా చదువుతాయి. కానీ పీడీఎఫ్‌లో సమీకరణాన్ని బొమ్మగా పెడితే స్క్రీన్ రీడర్ దాన్ని దాటేసి తర్వాతి వాక్యానికి పోతుంది. అప్పుడు పక్కనున్న మాస్టారే నోటితో చదవాలి: బ్రాకెట్టు మొదలు, ఎ ప్లస్ బి, బ్రాకెట్టు పూర్తి, హోల్ స్క్వేర్.