లోటస్ కంపెనీ కథ



మా నర్మెట్టలో తాతగారు ఒక మాట అనుచుండెడివారు: “దొర దయ చెట్టునీడ వంటిది, ప్రొద్దు తిరిగిన నీడయు తిరుగును.” నూరేండ్లకు పూర్వము హైదరాబాదున వెలసిన ఒక చలనచిత్రశాల చరిత్రమును చదివినపుడు నాకా మాట జ్ఞప్తికి వచ్చినది.

ధీరేంద్రనాథ గంగూలీగారు వంగదేశీయులు. మొదట హైదరాబాదున చిత్రకళ నేర్పిరి. పిదప కలకత్తా చేరి మిత్రులతో కలసి సినిమా కంపెనీ స్థాపించి, సీమకు పోయి వచ్చిన బాబును పరిహసించు ‘బిలత్ ఫేరత్’ అను చిత్రమును 1921లో ప్రదర్శించిరి. కాని ఆ దేశమున పెక్కు ప్రదర్శనశాలలు మదన్ కంపెనీవారి చేతిలోనివి. చిత్రము తీసినవాడు దానిని ఆడించుటకు పరుల వాకిట నిలువవలసినదే.

1922లో గంగూలీగారు మరల హైదరాబాదు వచ్చి లోటస్ ఫిలిం కంపెనీని నెలకొల్పిరి. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖానుగారి ఆదరణ లభించినది. చిత్రశాలయు, రెండు ప్రదర్శనశాలలును అమరినవి. తామే తీసి తామే ఆడించుకొను స్వాతంత్ర్యము చేకూరినది. ‘ఇంద్రజిత్తు’, ‘యయాతి’, ‘లేడీ టీచర్’ మున్నగు చిత్రములు వెలువడెను. అవి మూగచిత్రములగుటచే తెలుగువారికిని, ఉర్దూవారికిని భేదము లేదు. తెరపై వ్రాత వచ్చినపుడు చదువరి ప్రక్కవానికి చదివి చెప్పిన చాలును.

1924లో ప్రొద్దు తిరిగినది. బొంబాయిలో నిర్మింపబడిన ‘రజియా బేగం’ చిత్రమును గంగూలీగారు తమ శాలలో ఆడించిరి. ముసల్మాను రాణి హిందువును వలచుట అందలి కథ. నిజాముగారికి ఆగ్రహము కలిగి, గంగూలీగారిని రాజ్యము విడిచి పొమ్మనిరి. ఆజ్ఞ ఒకటి చాలెను, కంపెనీ మూతవడెను.

చెన్నపట్టణమున 1921లో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీసిన రఘుపతి వెంకయ్య నాయుడుగారిని ధనపు చిక్కులు క్రుంగదీసినవి. ఇచట లోపించినది ధనము కాదు, ఆధారము. ఒక్కరి అనుగ్రహముపై కట్టిన ఇల్లు ఆ ఒక్కరి కోపముతోనే కూలినది.

గంగూలీగారు క్రుంగలేదు. కలకత్తాలో 1929లో మరల కంపెనీ స్థాపించిరి. దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారమును సైతము పొందిరి. హైదరాబాదు మాత్రము తన చిత్రశాలను పోగొట్టుకొనెను.

కావున గ్రామమున గ్రంథాలయమునో, బడినో నెలకొల్పునపుడు ఒక్క ధనికుని వేయి రూపాయలకంటె వేయిమంది రూపాయయే మేలని నా మనవి. ఆ నీడ ప్రొద్దుతో తిరుగదు.