మత్తు వ్యసనము – స్త్రీలు, కొండజాతులు – చికిత్సా చరిత్ర

నల్లమల కొండలలోని అహోబిల క్షేత్రమున ప్రతి సంవత్సరము కనుమనాడు పారువేట ఉత్సవము మొదలగును. నరసింహస్వామి ఉత్సవమూర్తి పల్లకిలో బయలుదేరి, 40 దినములకు పైగా ఆళ్ళగడ్డ ప్రాంతపు గ్రామములలో సంచరించును. చెంచుల ఆడపడుచైన చెంచులక్ష్మిని పెండ్లాడిన దేవుడు తన కల్యాణమునకు రమ్మని ఊరూరును స్వయముగ పిలువబోవునని ఇచటి జనుల విశ్వాసము. కొండ యెక్కి గుడికి పోలేని ముసలివారికి, రోగులకు ఆ దినములలో తమ గుమ్మము ముందే దర్శనము లభించును.

మత్తు వ్యసనముల చికిత్సలో పనిచేయువారు ఈ ఆచారమునుండి గ్రహింపదగిన విషయమొకటి కలదు. వ్యసనమునకు లోబడినవారు ఆసుపత్రికి వచ్చుట అరుదు. వారిలో స్త్రీలు వచ్చుట మరింత అరుదు. అడవి గూడెముల వారు వచ్చుట అన్నింటికంటె అరుదు. చికిత్సయే వారి యొద్దకు పోవలెనని వైద్యలోకము తెలిసికొనుటకు సుమారు రెండువందల సంవత్సరములు పట్టినది. ఆ చరిత్రను సంగ్రహముగ పరిశీలింతము.

ఇప్పపూవునుండి అంగడి సీసా వరకు

నల్లమలలో ఇప్పచెట్లు కలవు. మార్చి, ఏప్రిల్ నెలలలో రాలు ఇప్పపూవులో చక్కెర మెండు. ఎండిన పూవు తూకములో సగమునకు మించి చక్కెరలే యుండును. పూవును నీటిలో నానవేసినచో, ఈస్టు అను సూక్ష్మజీవి ఆ చక్కెరను కొద్ది దినములలో ఆల్కహాలుగ మార్చును. దానిని కుండలో కాచి, ఆవిరిని చల్లార్చినచో ఇప్పసారా సిద్ధమగును. చెంచుల జీవనమును పరిశీలించి 1943లో గ్రంథము ప్రకటించిన మానవశాస్త్రజ్ఞుడు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ ఈ సారాను గూడ ప్రస్తావించెను. పూవు దొరకుట, కాచుటకు తీరిక యుండుట, పండుగో పెండ్లియో వచ్చుట – ఇవి ఆ త్రాగుడునకు కొంత హద్దుగ నుండెడివి. అంగడిలో ఏడాది పొడుగునను దొరకు సారాకు అట్టి హద్దు లేదు.

1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము ప్రకారము అనుమతి లేక సారా కాచుట నేరమైనది. అమ్మకము సర్కారుకు రాబడి మార్గమైనది. ఇంటిలో కాచినవాడు నేరస్థుడు. అంగడిలో కొన్నవాడు ఖజానాకు ఆధారము! త్రాగుడు మితిమీరి జబ్బుపడిన వానిని రోగిగ చూచు చోటు ఆ చట్టములో లేదు.

తరువాత మద్యనిషేధము వచ్చినది. 1937 అక్టోబరు 1న రాజాజీ ప్రభుత్వము సేలం జిల్లాలో దానిని ప్రారంభించెను. 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు, 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికిని అది విస్తరించినది. కర్నూలు రాజధానిగ 1953లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమున ఈ సమస్య రాజకీయముగ ఎంత పెద్దదైనదనగా, నిషేధ విధానముపై చెలరేగిన వివాదము నడుమ 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క ఓటు తేడాతో పడిపోయినది. పన్ను, చట్టము, గీతకార్మికుల జీవనోపాధి – వీనిపై అంతులేని చర్చలు సాగినవి. చికిత్స మాట మాత్రము ఆ చర్చలలో వెనుకబడి యుండెను.

వ్యాధి యను భావము

అతి త్రాగుడు ఒక వ్యాధియని చెప్పిన తొలి వైద్యులలో ఇద్దరు ప్రసిద్ధులు: 1784లో అమెరికాలోని బెంజమిన్ రష్, 1804లో బ్రిటనునందలి థామస్ ట్రాటర్. 1935లో అమెరికాలో ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘము పుట్టినది. త్రాగుడు మానినవాడే మానదలచిన వానికి తోడుగ నిలుచుట ఈ సంఘపు పద్ధతి. 1948లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు జెన్స్ హాల్డ్, ఎరిక్ యాకబ్‌సన్‌లు డైసల్ఫిరాం అను మందును గూర్చి ప్రకటించిరి. దానిని సేవించినవాడు మద్యము ముట్టినచో ముఖము ఎఱ్ఱబడి, వాంతులు, గుండెదడ కలుగును.

వ్యసనమున మెదడులో జరుగు మార్పును ఇట్లు సులభముగ చెప్పవచ్చును. ఆల్కహాలు మెదడు పనిని మందగింపజేయును. ప్రతిదినము త్రాగువాని మెదడు ఆ మందగింపునకు ఎదురుగ తన ఉద్రేకశక్తిని పెంచుకొనును. బరువైన తలుపును లోపలినుండి బలముగ నెట్టుచున్నవానికి ఎదుట ఆ తలుపు ఒక్కసారిగ తెరచుకొన్నచో ముందునకు తూలిపడును గదా! మద్యము హఠాత్తుగ ఆగినపుడు మెదడు స్థితియు అట్టిదే. కొద్ది గంటలలో చేతులు వణకును, చెమట పట్టును. మొదటి రెండు దినములలో మూర్ఛ రావచ్చును. తరువాత భ్రాంతి, సన్నిపాతము కలుగవచ్చును. చికిత్స లేనిచో ప్రాణమునకే ముప్పు. కావున ఈ దశలో వైద్యుడు తగిన శాంతకరమైన మందులను, బి విటమినులలోని థయామిన్‌ను ఇచ్చి, మోతాదును క్రమముగ తగ్గించుచు రోగిని కాపాడును. పట్టుదలతో ఒక్కనాడే మానుమని చిరకాలపు త్రాగుబోతును ఇంటిలో బంధించుట ప్రమాదకరమగుటకు ఇదియే కారణము.

స్త్రీ శరీరము, స్త్రీ లజ్జ

ఈ పరిశోధనలు చాలకాలము పురుషులపైననే జరిగినవి. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో తొలినాళ్ళలోనే చేరిన స్త్రీలలో మార్టీ మాన్ ఒకరు. త్రాగుడు సిగ్గుపడవలసిన నేరము కాదు, చికిత్స చేయదగిన వ్యాధి యని ప్రచారము చేయుటకు ఆమె 1944లో అమెరికాలో ఒక జాతీయ సంస్థను స్థాపించెను.

స్త్రీ శరీరములో నీటిపాలు సుమారు 50 శాతము, పురుషునిలో 60 శాతము. ఆల్కహాలు నీటిలో వ్యాపించునది కావున, ఇద్దరును ఒకే బరువువారై, ఒకే మోతాదు త్రాగినను స్త్రీ రక్తములో దాని సాంద్రత హెచ్చు. జీర్ణకోశములో ఆల్కహాలును విరుచు ఎన్‌జైము గూడ స్త్రీలలో తక్కువయని 1990లో ఇటలీ, అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. దాని ప్రాముఖ్యమెంత యను విషయమున తరువాత భేదాభిప్రాయములు వచ్చినవి. ఏమైనను, త్రాగుడు మొదలిడిన తరువాత కాలేయము చెడుట, వ్యసనము ముదురుట స్త్రీలలో త్వరితముగ జరుగునని చికిత్సకుల అనుభవము. గర్భిణి సేవించిన ఆల్కహాలు శిశువును జీవితాంతము బాధింపగలదని ఫ్రాన్సులో 1968లోను, అమెరికాలో 1973లోను వెలువడిన వైద్యనివేదికలు స్పష్టము చేసినవి.

శరీరమునకంటె బలమైన అడ్డు లజ్జ. త్రాగిన మగవానిని భార్యయో తల్లియో ఆసుపత్రికి తీసికొనివచ్చును. త్రాగిన ఆడదానిని తీసికొనివచ్చువా రెవరు? బిడ్డలను ఎవరియొద్ద విడువవలెను? పురుషులతో నిండిన వార్డులో ఆమె ఎట్లుండగలదు? ఈ ప్రశ్నలకు సమాధానము లేనంతవరకు ఆసుపత్రి తలుపు తెరచి యున్నను ఆమెకు మూసియున్నట్లే.

దూబగుంట స్త్రీలు

మన రాష్ట్రమున త్రాగుడును పెద్ద ప్రజాసమస్యగ నిలబెట్టినవారు పల్లెపట్టుల స్త్రీలు. నెల్లూరు జిల్లాలో 1991లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమములో చదువు నేర్చిన స్త్రీలు సారా వలన తమ ఇండ్లు కూలుచున్న సంగతిని ఒకరితో ఒకరు చెప్పుకొనిరి. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ మొదలైనవారు సారా దుకాణమును మూయించిరి. 1992లో ఉద్యమము జిల్లా దాటి రాయలసీమకు, ఇతర ప్రాంతములకు వ్యాపించినది. 1993 అక్టోబరు 1నుండి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వము రాష్ట్రమంతట సారాను నిషేధించెను. 1995 జనవరిలో నందమూరి తారకరామారావు ప్రభుత్వము సంపూర్ణ మద్యనిషేధమును అమలులోనికి తెచ్చెను. 1997లో నారా చంద్రబాబునాయుడు ప్రభుత్వము దానిని సడలించెను.

ఈ ఉద్యమము సామాన్యమైనది కాదు. ఏ ఇంటిలో ఎవరు ఎంత త్రాగుచున్నారో, కూలిడబ్బు ఏ పూట ఎక్కడికి పోవుచున్నదో లెక్కగట్టి చెప్పగలిగిన వారు ఆ స్త్రీలే. ఆ లెక్క దుకాణపు తలుపును మూయించినది. కాని వణకు చేతులతో ఇంటిలో మిగిలిన మనిషికి మందిచ్చు పని చట్టముచే నగునది కాదు. దానికి పల్లెలో వైద్యుడు కావలెను.

చికిత్స ఊరికి వచ్చుట

ఆ పనిని దక్షిణదేశమున చేసి చూపినవారిలో శాంతి రంగనాథన్ ముఖ్యురాలు. భర్త త్రాగుడు వ్యాధితో మరణింపగా, ఆమె 1980లో మద్రాసునందు టి. టి. రంగనాథన్ పరిశోధనా సంస్థను స్థాపించెను. నగరమునకు రాలేని గ్రామీణుల కొరకు 1989నుండి తంజావూరు ప్రాంతమునందలి మంజక్కుడిలో ఆ సంస్థ శిబిరములు నడిపినది. ఊరిలోనే ఒక భవనమును తీసికొని, రోగులను పదునైదు దినములు అచట నుంచి, ముందుగ శరీరమునకు చికిత్స చేసి, తరువాత ఒకరొకరితోను, గుంపుగను మాటలాడుట ఈ పద్ధతి. భార్యలకు, తల్లులకు ప్రత్యేక సమావేశములుండును. శిబిరము ముగిసిన పిమ్మటను నెలల తరబడి రోగిని కనిపెట్టి యుందురు.

2002లో వెలువడిన రెండు నివేదికలు ఈ విషయమునకు రెండు ముఖములను చూపినవి. ఇంటివారి మత్తు వ్యసనము వలన స్త్రీలపై పడు భారమును శాంతి రంగనాథన్ వివరించెను. స్వయముగ మాదకద్రవ్యములు వాడు స్త్రీల స్థితిని బెంగుళూరు నిమ్‌హాన్స్ వైద్యురాలు ప్రతిమా మూర్తి వివరించెను. మొదటిది లోకమునకు కొంత తెలిసిన సంగతి. రెండవది చాలమంది వినుటకు గూడ ఇష్టపడని సంగతి.

ప్రాంతమును బట్టి వ్యసనము

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మద్యము సేవించు స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో 0.5 శాతము, తెలంగాణలో 6.7 శాతము. భాష ఒక్కటే, ఆచారము వేరు. తెలంగాణ పల్లెలలో పండుగకు, అలసటకు కల్లు త్రాగుట స్త్రీలకు గూడ అలవాటు. అయితే కొన్నిచోట్ల కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపాం, ఆల్ప్రజోలాం వంటి నిద్రమందులను కలుపుచు వచ్చిరి. 2015లో అధికారులు ఈ కల్తీని అరికట్టగా నిజామాబాదు, మహబూబ్‌నగర్ జిల్లాలలో అనేకులు మూర్ఛలతో, భ్రాంతితో ఆసుపత్రులకు చేరిరి. తాము త్రాగునది కల్లేయని నమ్మిన కూలివారి శరీరములు తెలియకయే నిద్రమందులకు బానిసలైనవి. ఇట్టి రోగిని సాధారణ మద్యరోగిగ భావించు వైద్యుడు పొరబడును. ఏ ఊరి కల్లులో ఏమి కలియునో, ఏ గూడెములో సారా ఎప్పుడు కాతురో తెలిసియుండుట చికిత్సకుని విద్యలో భాగమే.

నల్లమలలో చేయదగినది

దేశమంతట జరిగి 2019లో ప్రకటింపబడిన సర్వే ప్రకారము, మద్యమునకు బానిసలైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుచున్నది. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు 180 మందిలో ఒక్కరే. ఇది దేశపు సగటు. అడవిలోని పెంటలకు ఈపాటి భాగ్యమును కలుగదు. అహోబిలమునుండి ఆళ్ళగడ్డ సుమారు 25 కిలోమీటర్లు, నంద్యాల అంతకు రెండింతలకు పైగా దూరము. నంద్యాలలో 2023నుండి ప్రభుత్వ వైద్యకళాశాల నడుచుచున్నది. కాని అడవిఫలములపైనను, కూలిపైనను బ్రదుకు కుటుంబము ఒక మనిషిని రెండు వారములు పట్నములో నుంచుట యనగా అన్ని దినముల కూడు పోగొట్టుకొనుటయే.

కావున శిబిరమే గూడెము దాపునకు రావలెను. తేనె తీయు కాలములోను, ఇప్పపూవు ఏరు కాలములోను గాక, జనులు గూడెముననే యుండు దినములు చూచి పెట్టవలెను. చెంచులు మాటలాడునది తెలుగే, దుబాసీ అక్కరలేదు. వారిలోనే త్రాగుడు మానిన ఒకరిద్దరిని తోడు తీసికొన్నచో వైద్యుని మాటకు నమ్మిక హెచ్చును. దేవతకు సమర్పించు సారాను నిందించుటతో ప్రసంగము ప్రారంభించినవాడు రెండవ దినమున వినువారిని పోగొట్టుకొనును. స్త్రీలకు వేరు గది, వైద్యురాలు, బిడ్డలకు నీడ ఏర్పాటు కావలెను. శిబిరము లేని దినములలో సలహా కొరకు 14446 సంఖ్యకు గాని, 2022లో ఏర్పడిన మానసిక ఆరోగ్య సేవ 14416 సంఖ్యకు గాని రుసుము లేక టెలిఫోను చేయవచ్చును.

ఊళ్ళకు పోవు ఆరోగ్య కార్యకర్తలు స్త్రీలను చూచినపుడు సాధారణముగ అడుగు ప్రశ్న యొకటి కలదు: “మీ ఇంట్లో తాగేవాళ్ళెవరమ్మా?” ఆ ప్రశ్న అవసరమే. దాని వెంట రెండవ ప్రశ్నయు నిందలేని గొంతుతో, ఎవరును వినని చోట అడుగవలెను: “నీకు కూడా ఏదైనా అలవాటుందా తల్లీ? రాత్రి నిద్ర ఎట్లా పడుతోంది?” ఈ రెండవ ప్రశ్నను ఎవరును అడుగనందుననే మన లెక్కలలో ఎందరో స్త్రీలు కనబడకున్నారు.