‘హిస్పానిక్’ కౌమారం, లైంగిక ఆరోగ్యం: మూడు దేశాల చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

కౌమార లైంగిక ఆరోగ్యాన్ని చర్చించే రచనల్లో ‘హిస్పానిక్’ అనే మాట ఒకే జనసమూహాన్ని సూచిస్తున్నట్లు కనిపిస్తుంది. నిజానికి అది అమెరికా సంయుక్త రాష్ట్రాల పరిపాలనలో స్థిరపడిన వర్గీకరణ. స్పానిష్ మూలాలున్న అమెరికన్ల గణాంకాలు సేకరించాలని 1976లో అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. 1977లో ఆ వర్గం ఫెడరల్ గణాంకాలకు ప్రమాణమైంది. మెక్సికోలోని బాలిక సరిహద్దు దాటిన తర్వాతే ‘హిస్పానిక్’గా లెక్కకు వస్తుంది. అటువంటప్పుడు ఈ బాలబాలికలు ఎదుర్కొనే ప్రమాదాలకు ‘సంస్కృతి’ని మూలకారణంగా చెప్పవచ్చునా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

స్పెయిన్

ఫ్రాంకో పాలనలో 1941 నాటి చట్టం గర్భనిరోధక సాధనాల అమ్మకాన్నీ ప్రచారాన్నీ నేరంగా ప్రకటించింది. ఫ్రాంకో మరణించిన మూడేళ్లకు, 1978లో, ఆ నిషేధం తొలగింది. నేడు అక్కడ 15–19 ఏళ్ల బాలికల్లో ప్రతి వెయ్యిమందికి ఏటా నమోదయ్యే జననాలు పదికంటె తక్కువే.

మెక్సికో

1930వ దశకంలో విద్యామంత్రి నార్సిసో బాసోల్స్ పాఠశాలల్లో లైంగిక విద్యను ప్రతిపాదించగా తల్లిదండ్రుల సంఘాలు తీవ్రంగా ప్రతిఘటించాయి. 1934లో ఆయన పదవి వీడారు. నలభై ఏళ్ల తర్వాత, 1974లో, సంతానసంఖ్యను నిర్ణయించుకునే హక్కు రాజ్యాంగంలో చేరింది. మానవ పునరుత్పత్తి పాఠం ఆరవ తరగతి పుస్తకంలోకి వచ్చింది; నిరసనలూ వచ్చాయి. అయినా హక్కు గ్రంథస్థం కావడం వేరు, గ్రామీణ బాలికకు సేవ అందడం వేరు. 2014లో కౌమార జననరేటు వెయ్యికి 77గా ఉంది. 2015లో ప్రభుత్వం ప్రత్యేక జాతీయ వ్యూహాన్ని ప్రకటించవలసి వచ్చింది.

అమెరికా

1996 సంక్షేమ సంస్కరణ చట్టం వివాహం వరకు సంయమనాన్ని బోధించే కార్యక్రమాలకు ఏటా 5 కోట్ల డాలర్లు కేటాయించింది. హిస్పానిక్ బాలికల్లో జననరేటు 1991లో వెయ్యికి 100కు పైగా ఉండగా, 2019 నాటికి సుమారు 25కు తగ్గింది. 2007 తర్వాత దేశమంతటా కౌమార జననాలు తగ్గడానికి గర్భనిరోధక వాడకం మెరుగుపడటమే ప్రధాన కారణమని జనాభా పరిశోధకులు గుర్తించారు. అయినా 2019లో సైతం ఆ రేటు హిస్పానికేతర శ్వేతజాతి బాలికల రేటుకు రెట్టింపుకు పైగానే ఉంది.

పోలికలో జాగ్రత్తలు

జననరేటు ప్రమాదానికి ఒక కొలమానం మాత్రమే. గర్భస్రావాలనుగాని, హెచ్‌ఐవీ వంటి సుఖవ్యాధుల వ్యాప్తినిగాని అది చూపదు. అమెరికాలో 1991 నుంచి జరుగుతున్న కౌమార ప్రవర్తన సర్వే బడిలో ఉన్న విద్యార్థులను ప్రశ్నిస్తుంది. బడి మానినవారు అందులో కనిపించరు. ఇంటింటి సర్వేల ఫలితాలను దానితో నేరుగా పోల్చితే తప్పుడు నిర్ణయాలకు దారితీస్తుంది.

ముగింపు

ఈ మూడు సమాజాలకూ స్పానిష్ భాషతో, కాథలిక్ వారసత్వంతో సంబంధం ఉంది. అయినా ఫలితాలు భిన్నంగా ఉన్నాయి. ఒకే దేశంలో, ఒకే వర్గంలో రేటు 28 ఏళ్లలో నాలుగో వంతుకు పడిపోయింది. సంస్కృతి ప్రభావం లేదని దీని అర్థం కాదు. అది ఒంటరిగా ఈ మార్పును వివరించలేదని మాత్రమే. చట్టం, బడి, వైద్యసేవల చరిత్రను పక్కనపెట్టి ప్రమాదాన్ని జాతిస్వభావంగా చిత్రిస్తే, ప్రభుత్వాలు వహించవలసిన బాధ్యత ఆ పిల్లల పైనే పడుతుంది.